జబ్బు లేదన్నాక

పోయినవారం మనం వెంకటరత్నమ్మని భవానీపురంలో వాళ్ళింటి వంటగదిలో, పొయ్యి ముందు కొంగుతో కళ్ళొత్తుకుంటూ ఉండగా వదిలేసి వచ్చాం. ఆవిడ ఏడుపు ఊరికే వచ్చింది కాదు. కోడలు మనోజ్ఞకి క్యాన్సరని ఆవిడ గట్టిగా నమ్మేసింది. నమ్మదా మరి? ఉయ్యూరులో ఉండే అక్కగారు సంపూర్ణమ్మ కంట్లో శుక్లాలు చూపించుకోటానికి బెజవాడ ప్రభుత్వాసుపత్రికొచ్చి, రొమ్ము స్కానింగ్ గది బయట బెంచీ మీద మనోజ్ఞ కూర్చునుండటం చూసింది. చూసి ఊరుకుంటే ఆవిడ సంపూర్ణమ్మ ఎందుకవుతుంది! బస్సెక్కకుండానే ఫోను చేసి, "వెంకటరత్నం, గుండె రాయి చేసుకోవే" అంది. ఆ మర్నాడు కొడుకు లక్ష్మీకాంత్ వచ్చి, గోడ మీది క్యాలెండరు వంక చూస్తూ, "అమ్మా, మనోజ్ఞకి ఛాతీకి ఆపరేషనంట. వచ్చే మంగళవారం చేస్తారంట" అని గొణిగి, ఏంటీ ఎందుకూ అని అడిగేలోపు చెప్పులేసుకుని జారుకున్నాడు. పెళ్ళాం ఒంటి గురించి కన్నతల్లితో ఆ మాట పలకటానికి నోరు రాక ఛాతీ అని సరిపెట్టాడు మహానుభావుడు. అక్క చెప్పింది, కొడుకు చెప్పింది కలిపి చూసుకుంటే వెంకటరత్నమ్మకి అంతా అర్థమైపోయినట్టే అనిపించింది.

అందుకే ఆ రోజు కోడలి చెయ్యి పట్టుకుని, "చేయించుకో తల్లీ. ఇంకేం ఆలోచించకు. నీ పక్కన నేనుంటా" అనేసింది. ఆడవాళ్ళ వార్డు కదా, పేషెంటు పక్కన ఆడమనిషే ఉండాలన్నారు. అమ్మ లేని పిల్ల మనోజ్ఞ, ఎవర్ని అడగాలా అని మథనపడుతోంది. అత్తగారు అడక్కుండానే ఒప్పుకునేసరికి ఆ చెయ్యి వదల్లేదు ఆ పిల్ల. తను ఇన్నాళ్ళూ అత్తయ్యని తప్పుగా అనుకుందని రాత్రంతా బాధపడింది కూడా. చూశారా చిత్రం, ఆవిడ ఒకటనుకుని ఒప్పుకుంది, ఈవిడ ఇంకోటనుకుని పొంగిపోయింది. మధ్యలో లక్ష్మీకాంత్ మాత్రం నోరు విప్పలేదు.

ఇక ఆ ఇంట్లో జరిగిన వైభోగం చెప్పాలి. తొమ్మిదేళ్ళ కాపురంలో ఏనాడూ లేనిది, మనోజ్ఞ డ్యూటీ నుంచి వచ్చేసరికి వేడినీళ్ళు కాగి ఉండేవి. గోంగూర పచ్చడిలోకి ఉల్లిపాయ తరిగి పళ్ళెం పక్కన పెట్టేది అత్తగారు. "ఒంట్లో ఎలా ఉందమ్మా" అనేది. వాకిట్లో ముగ్గు తనే వేసేది. ఒకప్పుడు ఆ ముగ్గు దగ్గరే ఎన్ని మాటలన్లేదు! "వంగి నాలుగు గీతలు గియ్యటానికి నడుం వంగదే నీకు, ఇంత వయసొచ్చి నాకు వంగుతోంది" అని ఇంటి ఓనరమ్మకి వినపడేలాగా అంది. ఇప్పుడదంతా తల్చుకుని దుర్గమ్మ కొండ వైపు తిరిగి చెంపలేసుకుంది వెంకటరత్నమ్మ.

ఆదివారం వచ్చింది. మనోజ్ఞ ఆర్టీసీలో కండక్టరని పాత పాఠకులకి చెప్పక్కర్లేదు, ఈ వారమే పత్రిక చేతికందిన వాళ్ళ కోసం చెప్తున్నా. ఉయ్యూరు సర్వీసు. ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ చేసిన దగ్గర్నుంచీ ఆ రూటులో ఎప్పుడు చూసినా కిక్కిరిసే ఉంటుంది. ఆ రద్దీలో మెళ్ళో టిక్కెట్ల మిషను, భుజాన సంచి వేసుకుని ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ తిరగాలి. ఆ పొద్దున కూడా ఆ పిల్ల ఫస్టు ట్రిప్పుకి వెళ్ళింది. సోమవారం నుంచి సెలవు.

పది దాటాక ఇంటి ముందు రెండు ఆటోలు ఆగాయి. దిగారండీ జనం! ముందు సంపూర్ణమ్మ, వెనక ఆవిడ భర్త రామకోటేశ్వరరావుగారు. చక్కెర ఫ్యాక్టరీలో చేసి రిటైరైన మనిషి, మాట మితం. ఆ వెనక ఉయ్యూరు చుట్టాల ఆడవాళ్ళు నలుగురైదుగురు. ఒకళ్ళ చేతిలో బత్తాయిలు, ఒకళ్ళ చేతిలో బ్రెడ్డు ప్యాకెట్లు, ఒకళ్ళ చేతిలో హార్లిక్స్ సీసా. మన వైపు పలకరింపుకెళ్ళటమంటే తెలుసుగా. ఉత్త చేతుల్తో వెళ్తే మాటొస్తుంది, ఏడవకుండా వస్తే ఇంకా మాటొస్తుంది.

"ఎంత పని జరిగిందే వెంకటరత్నం" అంటూ సంపూర్ణమ్మ మెట్ల మీదే అందుకుంది. వెంకటరత్నమ్మకి ఆపుకున్నదంతా ఒక్కసారి పొంగుకొచ్చింది. అక్క భుజం మీద పడి బావురుమంది. ముందుగదిలో చాపలేశారు. చిన్న వయసులో ఇలా అయినవాళ్ళ కథలన్నీ ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఫలానా వాళ్ళ కోడలు, ఫలానా వాళ్ళ ఆడపడుచు, జుట్టంతా ఊడి, ఆఖరికి... "ఊరుకోండి, అమ్మాయి వచ్చే టైమయింది" అన్నారు రామకోటేశ్వరరావుగారు. ఎనిమిదేళ్ళ చిన్ని పడగ్గది తలుపు వెనకాల నిలబడి అన్నీ వింటోంది. దాన్నెవరూ పట్టించుకోలేదు.

మనోజ్ఞ మెట్లెక్కుతూనే గుమ్మం ముందు చెప్పుల గుట్ట చూసి హడలిపోయింది. చీర మీద తొడిగిన ఖాకీ కోటు కూడా విప్పకుండా పరిగెత్తుకొచ్చి, "ఏమైంది? చిన్ని ఏది? అత్తయ్యా, ఎవరికేమైంది?" అంది.

సంపూర్ణమ్మ లేచి ఆ పిల్లని గట్టిగా వాటేసుకుంది. "నా తల్లే, ఇంకా ఆ బస్సుల్లో తిరుగుతున్నావా! ఎంత గుండె నిబ్బరమే నీకు!"

ఆ పట్టుకి మనోజ్ఞ మెడ నొప్పితో మొహం ముడిచింది. అందరూ అది దుఃఖమనుకుని ఇంకో వరస కళ్ళొత్తుకున్నారు.

"పెద్దత్తయ్యా, అసలేం జరిగింది?"

"మా దగ్గర దాచకమ్మా. నేను నిన్ను ఆసుపత్రిలో చూశాను. క్యాన్సరని బెంగ పెట్టుకోకు, ఈ రోజుల్లో ఎన్ని మందులు రాలేదు!"

మనోజ్ఞ అందరి మొహాలూ చూసింది. బత్తాయిల సంచి చూసింది. హార్లిక్స్ సీసా చూసింది. అత్తగారి వంక చూసింది. వారం రోజుల వేడినీళ్ళూ, పళ్ళెం పక్కన ఉల్లిపాయ ముక్కలూ ఎక్కణ్ణుంచొచ్చాయో అప్పుడు తెలిసింది ఆ పిల్లకి. ఆ తెలియటం కోడలి మొహంలో వెంకటరత్నమ్మకి కనపడింది గానీ, దేనికో అర్థం కాలేదు.

వంటగది గుమ్మంలో నిలబడ్డ లక్ష్మీకాంత్ అందరి తలల మీదుగా పెళ్ళానికి సైగ చేశాడు. అరచెయ్యి కిందికి పెట్టి మెల్లిగా ఊపాడు, ఊరుకో ఊరుకో అన్నట్టు. గుండె దిటవు చేసుకోమంటున్నాడు కామోసు అనుకుంది వెంకటరత్నమ్మ.

మనోజ్ఞ మొగుడి చెయ్యి చూసింది. తర్వాత పడగ్గది తలుపు వైపు చూసింది. అక్కడే ఆగిపోయింది ఆ చూపు. ఖాకీ కోటు గుండీలు తీసి, విప్పి, కుర్చీ మీద వేసింది.

"నాకు క్యాన్సర్ లేదు పెద్దత్తయ్యా. ఏ జబ్బూ లేదు. చిన్నీ, ఇలా రామ్మా. అమ్మకేం కాలేదు."

తలుపు వెనక నుంచి చిన్ని ఒక్క ఉరుకున వచ్చి తల్లి నడుం చుట్టేసుకుంది. వెంకటరత్నమ్మ ఉన్నచోటే కూలబడింది. "అమ్మా దుర్గమ్మా, బతికించావు తల్లీ" అని ఏడ్చింది, నవ్వింది, కోడలి చెయ్యి దొరకబుచ్చుకుని మొహానికి ఆనించుకుంది. అంత సంతోషం ఆవిడకి కొడుకు పుట్టిన రోజున కూడా కలగలేదంటే నమ్మండి. చుట్టాలు కూడా హమ్మయ్య అన్నారు, పాపం. కాకపోతే రెండాటోల్లో తెచ్చుకున్న ఏడుపు మధ్యలో ఆగిపోయేసరికి కాస్త వెలితిగానే ఉంది వాళ్ళకి.

సంపూర్ణమ్మకి ముందుగా తెలివొచ్చింది. "మరి ఆపరేషన్ దేనికే?"

ఇక్కడైనా ఆగి, ఏదో గడ్డ అని తప్పించుకోవచ్చు. ఎవరైనా ఆ పనే చేస్తారు.

"రొమ్ములు తగ్గించే ఆపరేషన్" అంది మనోజ్ఞ.

పసిపిల్లలకి పాలిచ్చేటప్పుడు తప్ప ఆ ఇంట్లో ఎవరూ పలకని మాట. రామకోటేశ్వరరావుగారు ఉన్నపళంగా లేచి బాల్కనీలోకెళ్ళి, ఎదురింటి నీళ్ళ ట్యాంకుని అత్యంత శ్రద్ధగా పరిశీలించటం మొదలుపెట్టారు. ఆడవాళ్ళు ముక్కు మీద వేలేసుకున్నారు.

"బరువు పెద్దత్తయ్యా. చిన్ని పుట్టాక మరీ ఎక్కువైంది. మెడ నుంచి నడుం దాకా ఒకటే పోటు. సాయంత్రానికి చేతులు తిమ్మిరెక్కి చిల్లర కూడా లెక్కపెట్టలేకపోతున్నా. ఎండాకాలం చెమటకి కింద చర్మం ఒరిసి పుండ్లు పడుతున్నాయి. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు."

"హవ్వ! దానికి కోయించుకుంటారా? దేవుడిచ్చిన ఒంటికి నిక్షేపంగా ఉండగా కత్తి పెట్టిస్తావా?"

"మీ కంట్లో శుక్లం కూడా దేవుడిచ్చిందేగా పెద్దత్తయ్యా. తీయించుకోటానికేగా మీరు ఆసుపత్రికొచ్చింది."

బాల్కనీలో నుంచి రామకోటేశ్వరరావుగారు దగ్గారు. అది దగ్గో నవ్వో తెలియలేదు.

హార్లిక్స్ తెచ్చినావిడ అందుకుంది. "ఇదంతా సినిమావాళ్ళు సోకుకి చేయించుకునేదమ్మా. మనలాంటి వాళ్ళకెందుకు?"

"ఆపరేషన్ చేసే డాక్టర్ శాంభవిగారు నన్ను మొదట అడిగింది అదేనండీ. సోకు కోసమైతే ఇక్కడ చెయ్యమమ్మా అన్నారు. ఎముకల డాక్టరు దగ్గరికి పంపారు. వ్యాయామాలు చేశాను, మాత్రలు వాడాను. బరువు తగ్గమంటే అన్నం మానేసి తగ్గాను. మొహం పీక్కుపోయింది గానీ ఇవి తగ్గలేదు. అన్నీ అయ్యాకే నా పేరు రాసుకున్నారు. స్కానింగ్ అందరికీ తీస్తారు, లోపల ఏమీ లేదని తేల్చుకోటానికి. ఏమీ లేదని తేలింది."

"బస్సులో మగవెధవల చూపులు పడలేకేమో పాపం" అంది ఇంకొకావిడ, జాలిగానే.

"చూపులే కాదండీ, మోచేతులు కూడా. అయితే అది వాళ్ళ రోగం. దానికి నేను కోయించుకోను. ఇది నా నొప్పికి."

"రేపు మళ్ళీ కడుపు పండితే పిల్లాడికి పాలో?"

"సరిగ్గా రాకపోవచ్చని చెప్పారు. మచ్చలు జన్మంతా ఉంటాయన్నారు. స్పర్శ తగ్గొచ్చన్నారు. అన్నీ చెప్పి, ఇంటికెళ్ళి ఆలోచించుకుని రమ్మన్నారు. ఆలోచించుకునే వెళ్ళాను."

గొంతు పెంచలేదు, విసుక్కోలేదు. ఎవరు అడిగితే వాళ్ళ వైపు తిరిగి వాళ్ళకి సమాధానం చెప్పింది, నిండు బస్సులో ఒక్కొక్కళ్ళకీ టిక్కెట్టు కొట్టి ఇచ్చినట్టు. వెంకటరత్నమ్మ నేల మీద కూర్చుని నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. ఇంట్లో తలొంచుకుని తిరిగే పిల్ల ఈవిడేనా? ఆవిడ కోడలి బస్సు ఏనాడూ ఎక్కలేదు, అదీ సంగతి. తన కోడలని ఒక్కక్షణం గర్వంగా అనిపించింది కూడా.

ఆ క్షణాన్ని సంపూర్ణమ్మ ఉండనిస్తేగా! "ఏమే వెంకటరత్నం, సాయం నువ్వే పోతున్నావుగా? ఊళ్ళో అడిగితే ఏం చెప్పమంటావ్? మా చెల్లెలి కోడలు ఫలానాది కోయించుకుంటుంటే మా చెల్లెలు పక్కన కూర్చుని విసురుతోందని చెప్పనా?"

అందరూ వెంకటరత్నమ్మ వంక చూశారు. ఒకావిడ పమిట అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. వారం రోజులుగా ఊరంతా తను ఏడ్చిన ఏడుపు, అడిగిన వాళ్ళకీ అడగని వాళ్ళకీ చెప్పుకున్న గోడు, అంతా ఒక్కసారి గుర్తొచ్చి ఆవిడకి తల కొట్టేసినట్టయింది. మొహం ఎర్రబడింది.

"నాకేం ఖర్మ! క్యాన్సరనుకుని వస్తానన్నాను. జబ్బు లేని ఆపరేషనుకి నేనెందుకు వస్తాను? రాను."

"సరే అత్తయ్యా" అంది మనోజ్ఞ. అంతే.

భోజనాలు చెయ్యకుండానే లేచారు చుట్టాలు. హార్లిక్స్ తెచ్చినావిడ సీసా తీసుకెళ్ళాలా వద్దా అని గుమ్మం దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కి చూసి, చివరికి పోనీలే అనుకుని వదిలేసింది. వాళ్ళని ఆటోలెక్కించి వస్తానని వెళ్ళిన లక్ష్మీకాంత్ సాయంత్రం దాకా తిరిగి రాలేదు.

అంట్లు తోముతున్నంతసేపూ వెంకటరత్నమ్మకి ఒళ్ళు మండుతూనే ఉంది. ఎవరి మీదో తెలియటం లేదు. చేతులు కడుక్కుని పడగ్గది గుమ్మంలోకొచ్చింది. మనోజ్ఞ మంచం మీద గోడకానుకుని కూర్చుని ఆసుపత్రి సంచిలో బట్టలు సర్దుకుంటోంది. ఎప్పుడూ అలా గోడకానుకునే కూర్చుంటుంది. అత్త ఎదురుగా ఉన్నా లెక్కలేదని ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకుంది వెంకటరత్నమ్మ.

"అంతమందిలో ఆ మాట అనాలా? నోరు మూసుకుంటే నీ పని జరిగిపోయేదిగా. మంగళవారం అయిపోయాక చెప్తే ఏం పోయింది నీకు?"

అనేశాక తనే బిత్తరపోయింది. ఇదేంటి, నన్ను మోసం చెయ్యకపోయావా అని నేనే అడుగుతున్నానేంటి అనుకుంది.

"నేనూ అనుకున్నానత్తయ్యా" అంది మనోజ్ఞ. "ఒక్క నిమిషం అనుకున్నా. ఆయన ఊరుకోమని సైగ కూడా చేశారు. ఆయనకి ముందే తెలుసు, మీరేమనుకుంటున్నారో."

వెంకటరత్నమ్మకి కొడుకు చెయ్యి ఊపటం కళ్ళ ముందు కదిలింది. దానర్థం ఇప్పుడు తెలిసింది.

"మరెందుకు చెప్పావే?"

"చిన్ని తలుపు వెనకాల ఉంది. వారం బట్టీ నా కొంగు చేతికి చుట్టుకుని పడుకుంటోందత్తయ్యా. బడికి పోనని ఏడుస్తోంది. దిష్టి తగిలిందేమో అనుకున్నా. దాని మొహం చూశాక తెలిసింది. వాళ్ళమ్మ చచ్చిపోతుందని ఆ పసిది లోపల్లోపల కుళ్ళి ఏడుస్తుంటే, నా మెడ నొప్పి కోసం నేను నోరు మూసుకోనా?"

ఇంట్లో అందరికంటే ముందు వెంకటరత్నమ్మకి తెలియాల్సిన సంగతి అది. మనవరాలు అన్నం సగంలో వదిలేస్తుంటే తను కూడా చూసింది. కోడలికి క్యాన్సరన్న దుఃఖంలో ఆ పిల్ల వంక చూడటమే మర్చిపోయింది.

"మరి ఇప్పుడు నీ పక్కనెవరుంటారు?"

"వార్డులో ఆడవాళ్ళుంటారుగా. బస్సులో 'నా సంచి కాస్త చూడమ్మా' అంటే ఎవరూ కాదనరు. మంచినీళ్ళిమ్మంటే ఇవ్వరా? నేనడుగుతా."

"ఎవరూ లేకపోతే చేర్చుకోరన్నారుగా."

"బతిమాలుకుంటానత్తయ్యా. నాకిది చచ్చిపోతానని కాదు, బతికినన్నాళ్ళూ నిటారుగా నిలబడాలని. చస్తానంటే అందరూ ఒప్పుకున్నారు. దీనికీ ఎవరో ఒకళ్ళు ఒప్పుకుంటారు."

నిష్ఠూరంగా అనలేదు ఆ పిల్ల. చీర మడతపెట్టుకుంటూ మామూలుగా అంది. అందుకే కాబోలు వెంకటరత్నమ్మకి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ముగ్గు వెయ్యని కోడలు, గోడకానుకునే కోడలు, పడుకోమంటే మూడు దిళ్ళు పెట్టుకుని కూర్చునే కోడలు. తొమ్మిదేళ్ళుగా ఒకే ఇంట్లో కళ్ళెదుట ఉన్న నొప్పికి తను పెట్టిన పేరు పొగరు. ఆ పొగరుబోతు పిల్ల ఇవాళ పదిమంది మధ్య నిలబడి కూతురి కోసం నిజం చెప్పింది. తను మాత్రం ఒకావిడ పమిటచాటు నవ్వుకి జడిసి ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంది. ఈ పిల్లకున్న గుండె నాకేదీ అనుకుంది వెంకటరత్నమ్మ. ఆ మాట పైకి అనటానికి మాత్రం ఆవిడ నోరు లేవలేదు.

సోమవారం తెల్లవారింది. చిన్నిని కింది వాటా ఓనరమ్మకి అప్పజెప్పారు. అమ్మ రెండ్రోజుల్లో వచ్చేస్తుందని నవ్వుతూ చేతులూపింది అది. లక్ష్మీకాంత్ ముందే లేచి, "వన్ టౌన్లో షాపు తాళాలిచ్చి సరాసరి ఆసుపత్రికొస్తా" అని వెళ్ళిపోయాడు. మనోజ్ఞ సంచి పట్టుకుని కిందికి దిగేసరికి ఆటోలో వెంకటరత్నమ్మ కూర్చునుంది. ఉతికిన చీర, ఒళ్ళో ఫ్లాస్కు, కాళ్ళ దగ్గర పళ్ళెం గ్లాసుల సంచి.

"ఎక్కడికత్తయ్యా?"

"నువ్వెక్కడికో అక్కడికే."

"నిన్న రానన్నారు."

"అన్నాను. పదిమందిలో పరువని అన్నాను. తప్పే. ఎక్కు."

మనోజ్ఞ ఎక్కలేదు. "ఒక్క మాట చెప్పండి. మీ కోడలికేం జబ్బని వార్డులో పక్క మంచం వాళ్ళు అడుగుతారు. ఏం చెప్తారు?"

వెంకటరత్నమ్మ తడబడింది. "అడిగితే... ఏదో గడ్డని చెప్తే పోలా?"

"అయితే మీరు రావద్దత్తయ్యా. మీరు దాచుకోవాల్సిన దాన్నయి ఆ మంచం మీద నేను పడుకోలేను."

ఆటో అబ్బాయి ఇద్దరి వంకా మార్చి మార్చి చూస్తున్నాడు. "ముందు ఎక్కవే తల్లీ, ఆలస్యమైతే మంచం ఇంకెవరికో ఇచ్చేస్తారు" అంది వెంకటరత్నమ్మ, సమాధానం చెప్పకుండా. మనోజ్ఞ ఎక్కి, సంచి ఇద్దరి మధ్యా పెట్టుకుని కూర్చుంది.

వార్డులో సిస్టర్ మనోజ్ఞని చూసి ఆశ్చర్యపోయింది.

"మీరెందుకొచ్చారమ్మా? నిన్న సాయంత్రం మీవారొచ్చి చెప్పి వెళ్ళారుగా. ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు, సాయానికి ఆడవాళ్ళు లేరు, మీరు కూడా వద్దనుకుంటున్నారు, పేరు తీసెయ్యమన్నారు. రేపటికి ఇంకొకావిణ్ణి పిలవమంటారా అని డాక్టరుగారిని అడగబోతున్నాను."

మనోజ్ఞ చేతిలోంచి సంచి జారి కింద పడింది. నిన్న అంతమందికి తడుముకోకుండా జవాబు చెప్పిన మనిషికి ఇప్పుడు మాటలు వెతుక్కోవాల్సొచ్చింది. "ఆయన... నన్నడగలేదు" అని మాత్రం అంది, ఎవరికీ వినపడనంత మెల్లిగా. ఎన్ని నెలలు ఎన్ని గదుల ముందు నిలబడిందో ఆ పిల్ల, ఈ మంగళవారం కోసం!

అప్పుడే డాక్టర్ శాంభవి రౌండ్సుకొచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉన్న మనిషి. సిస్టర్ చెవిలో చెప్పింది విని, "ఏమ్మా మనోజ్ఞా, వద్దనుకున్నారా? పర్లేదు, భయమేస్తే ఆగొచ్చు. బలవంతమేమీ లేదు" అంది.

మనోజ్ఞ తల అడ్డంగా ఊపింది. కళ్ళల్లోంచి నీళ్ళు వచ్చేశాయి.

వెంకటరత్నమ్మ ఫ్లాస్కు మంచం మీద పెట్టి ముందుకొచ్చింది. వార్డు నిండా పేషెంట్లు, వాళ్ళ పక్కన వాళ్ళ అమ్మలు, అత్తలు, అక్కచెల్లెళ్ళు. అందరి చెవులూ ఇటే ఉన్నాయి. ఆవిడ గొంతు సవరించుకుంది.

"వద్దనుకోలేదమ్మా. నేను దీని అత్తగారిని. మా కోడలికి జబ్బూ గడ్డా ఏమీ లేవు. రొమ్ములు బరువై మెడా నడుమూ పట్టుకుపోయి నరకం పడుతోంది. ఇంతకాలం నేనది నొప్పనుకోలేదు, పొగరనుకున్నాను. తగ్గించుకోవాలని ఇది అన్నీ ఆలోచించుకునే వచ్చింది. పక్కన ఉండేదాన్ని నేను. నా పేరు వెంకటరత్నమ్మ. రాసుకోండి."

కిటికీ పక్క మంచం మీది ముసలావిడ పడుకున్నదల్లా లేచి కూర్చుంది. ఎవరూ నవ్వలేదు. మనోజ్ఞ అత్తగారి కొంగు పట్టుకుంది.

డాక్టరు చిన్నగా నవ్వింది. అంతలో ఆమె చూపు వాళ్ళని దాటి వార్డు గుమ్మం మీద పడింది. "ఇంతకీ నిన్న వచ్చింది ఆయనేనా?"

లక్ష్మీకాంత్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తను రాకముందే సంగతి బయటపడుతుందని అనుకోలేదు కామోసు, మొహాన నెత్తురు చుక్క లేదు. వెంకటరత్నమ్మ రెండంగల్లో వెళ్ళి వాణ్ణి పట్టుకుంది.

"ఏరా, ఏం పనిరా ఇది?"

"నువ్వు రానన్నావుగా అమ్మా" అన్నాడు వాడు నేల చూపులు చూస్తూ. "అంతమందిలో నువ్వే కాదన్నాక నేనేం చెయ్యను? నీ మాటేగా నేనొచ్చి చెప్పింది."

చెంప మీద కొట్టినట్టయింది ఆవిడకి. కాదనటానికి లేదు. అన్నది తనే. ఆ ఒక్క ముక్క పట్టుకుని కోడలి పేరు కొట్టేయించొచ్చాడు కొడుకు.

"అవునురా, నేనే అన్నాను. ఇప్పుడు ఉంటానంటున్నదీ నేనే. నువ్వింటికెళ్ళి చిన్నికి జడేసి బడికి పంపు, పో."

"ఉండనివ్వండత్తయ్యా."

వెనక నుంచి మనోజ్ఞ గొంతు. ఏడుపు లేదు అందులో. పమిటతో మొహం గట్టిగా తుడుచుకుని, కింద పడ్డ సంచి తీసి మంచం మీద పెట్టింది. "డాక్టరుగారూ, నా పేరు అలాగే ఉంచండి. ఒక్క నిమిషంలో వస్తాను" అంది. గుమ్మం దాటి వరండాలోకి వెళ్ళి వెనక్కి తిరిగింది.

"లక్ష్మీకాంత్, ఇలా రా."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో కోడలు కొడుకుని పేరు పెట్టి పిలవటం వెంకటరత్నమ్మ వినటం అదే మొదలు. వాడు తల్లి వంక చూశాడు. తల్లి పక్కకి తప్పుకుని దారిచ్చింది.